ముందు సినిమా

మా లాండ్రీకి వచ్చేవాళ్ళలో కొందరు బట్టలివ్వడానికి వస్తారు, కొందరు మా తమ్ముడితో వాదన పెట్టుకోవడానికి వస్తారు. ఈ రెండో రకం వాళ్ళు కూడా మర్యాదకి ఒక చొక్కా పట్టుకొస్తారు కాబట్టి యజమాని ఏమీ అనడు. కౌంటరులో కూర్చునేది నేను. బట్టలు తీసుకుని, మరకలు చూసి, చీటీ తగిలించి లోపలికి పంపుతాను. లోపల ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది వాడు. మా ఇద్దరి మధ్య గోడంటూ లేదు, వేలాడే బట్టలే అడ్డం. అందుకని వాడి పాఠాలన్నీ నా చెవిన పడతాయి. వద్దన్నా పడతాయి.

అందరూ వాణ్ణి వరసల మాస్టారు అంటారు. ఏ పనికైనా ఒక వరస ఉంటుందని, అది తప్పితే పని చెడుతుందని వాడి సిద్ధాంతం. చొక్కాకి ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, వీపు, చిట్టచివర్న ఎదరభాగం. ఎందుకురా అంటే, చూసేవాళ్ళ కంట పడేది ఎదరభాగమే, దాన్ని మొదటే చేస్తే మిగతావి అయ్యేలోపు నలిగిపోతుంది అంటాడు. ఇంతవరకూ బాగానే ఉంది, పొట్టకూటి విద్య. అక్కడితో ఆగితే వాడు మా తమ్ముడు ఎందుకవుతాడు?

వాడికి "ఏడో కక్ష్య" పిచ్చి. అది టీవీలో వచ్చిన అంతరిక్షం కథ. మూడు సీజన్లు, రెండు సినిమాలు. ఒక పాత ఓడ చుక్కల మధ్య తిరుగుతుంటుంది. దానికొక కెప్టెన్ ఉంటాడు. ఒకరోజు ఓడలో సరుకుల గదిలో ఒక చిన్నపిల్ల దొరుకుతుంది. నా అనేవాళ్ళు ఎవరూ లేరు. కెప్టెన్ ఆ పిల్లని పెంచుతాడు. మొత్తం కథ అదే. మధ్యలో బోలెడన్ని పేలుళ్ళు. చిక్కల్లా రెండో సినిమాతో వచ్చింది. అది మూడో సీజన్ కన్నా ముందు విడుదలైంది, కానీ అందులో జరిగేది మొదటి సీజన్ కన్నా వెనకటి కథ. పిల్ల దొరకక మునుపటి సంగతి. దాని అసలు పేరు "మూసిన తలుపు". మా తమ్ముడు మాత్రం దాన్ని ముందు సినిమా అంటాడు, అందరికన్నా ముందటి కథ కాబట్టి. వాడు అని అని మా లాండ్రీలో అందరికీ అదే పేరైపోయింది.

ఇక దాన్ని ఎప్పుడు చూడాలన్నది మా కౌంటరు దగ్గర తెగని పంచాయితీ. మందుల షాపాయన విడుదలైన వరసలోనే చూడాలంటాడు. తీసినవాడికి తెలియదా ఎప్పుడు చూపించాలో, మధ్యలో నువ్వెవడివి అని ఆయన ప్రశ్న. రిటైరైన లెక్కల పంతులుగారికి అది నచ్చదు. జరిగిన వరసలో చూడాలి, తాత పుట్టకుండా మనవడు పుడతాడా అంటారు. మా తమ్ముడు ఇద్దరి మాటా వినడు. రెండు సీజన్లు చూసి, మొదటి సినిమా "తిరుగుదారి" చూసి, మూడో సీజన్ కూడా పూర్తిచేసి, అన్నీ అయ్యాక, ముందు సినిమా ఆఖర్న చూడాలి అంటాడు.

"ముందు సినిమా ఆఖర్న చూడటమేంటయ్యా, నీ మొహం" అన్నారు పంతులుగారు ఒకసారి.

"అందులో కెప్టెన్ ఒక తప్పు చేస్తాడండీ" అన్నాడు వీడు, ఇస్త్రీ ఆపి. "ఆ తప్పే మొదట చూస్తే ఇంక మనిషి కనపడడు. మనిషిని ముందు తెలుసుకోవాలి. తప్పు తర్వాత తెలియాలి. అప్పుడు అర్థమవుతుంది."

"తప్పు చేసిన ప్రతివాడూ అదే అంటాడు" అన్నారాయన నవ్వుతూ, చొక్కా భుజాన వేసుకుని వెళ్ళిపోతూ.

ఆయన మామూలుగానే అన్నారు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వీడి మొహం పాలిపోయింది. ఆ పూట మూడు చొక్కాల కాలర్లు మాడ్చాడు. ఎందుకో నాకు తెలుసు. మీకూ చెప్పేస్తాను, నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు.

మా లాండ్రీకి ఒక వ్యాను ఉంది. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు అందులో వెళ్తాయి. అప్పట్లో దాన్ని మా తమ్ముడూ, వాడి స్నేహితుడూ వంతులవారీగా నడిపేవాళ్ళు. ఆ స్నేహితుడికి భార్య, ఒక్క కూతురు. ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నట్టు ఉండేవాళ్ళు ఇద్దరూ. ముందు సినిమా విడుదలైన రోజు సాయంత్రం వంతు మా తమ్ముడిది. వాన పడుతోంది. వీడు సినిమాకి పోవాలి, మొదటి ఆట. ఈ ఒక్కసారికి నువ్వు వెళ్ళరా అని బతిమాలాడు. అతను సరేలే అని తాళాలు తీసుకున్నాడు. ఊరి బయట మలుపులో ఆగి ఉన్న లారీ కిందికి వెనక నుంచి వ్యాను దూరిపోయింది. అంతే. అక్కడికక్కడే.

ఆ తర్వాత మా తమ్ముడు వ్యాను తాళాలు ముట్టుకోలేదు. ఇస్త్రీ బల్ల దగ్గరికి మారిపోయాడు. స్నేహితుడి ఇంటికి మాత్రం పోతుండేవాడు. ఒక రోజు గ్యాసు బండ మోసుకెళ్ళాడు, ఒక రోజు పిల్లకి స్కూలు బూట్లు, ఒక రోజు కారుతున్న కుళాయి బాగుచేశాడు. వెళ్ళిన ప్రతిసారీ చెప్పేయాలనే వెళ్ళేవాడు, చెప్పకుండానే తిరిగొచ్చేవాడు. మింగలేడు, కక్కలేడు. అలా అలా ఆమెకీ వీడికీ మధ్య ఇష్టం పుట్టింది. ఆమె ముందే అన్నయ్యా అని పిలిచి ఉంటే కథ అక్కడే ఆగేది. అదృష్టమో దురదృష్టమో, ఆమె ఎవర్నీ వరసపెట్టి పిలిచే మనిషి కాదు. తప్పు కడుక్కోవడానికి వెళ్ళినవాడు అక్కడే కాపురం పెట్టాడు అని నేనే అన్నాను, వాడి మొహం మీదే. నా నోరు అలాంటిది.

పెళ్ళికి ముందు ఆమెకి చెప్పాడులెండి. వంతు నాది, సినిమా కోసం నీ భర్తని పంపాను అని చెప్పాడు. ఆమె ఏడ్చిందట. ఏడ్చి, సరే అందట. పిల్లకి మాత్రం నువ్వే చెప్పాలి, నా నోటితో నేను చెప్పను అందట. వీడు మాటిచ్చాడు. మావాడు ఎంత నిజాయితీపరుడో అని నేను మురిసిపోయాను కూడా. సంతకాలు పెట్టే ఆఫీసులో సాక్షి సంతకం నాదే.

ఆ తర్వాత వాళ్ళు మా ఇంటి కింది వాటాలోకి వచ్చారు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక బట్టలారేసుకునే చోటు. పిల్లకి అప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. నన్ను మొదటి రోజే అత్తా అంది. వాణ్ణి ఏమీ అనదు. అన్నం పెట్టమనాలంటే కంచం చప్పుడు చేస్తుంది. తలుపు తీయమనాలంటే వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. నేను అత్తనైతే నా తమ్ముడు నీకేమవుతాడే అని అడిగితే, అది లెక్కల్లో రాలేదు అంది. ఆ జవాబుకి నాకు నవ్వొచ్చింది గానీ వాడికి రాలేదు.

ఆ పిల్లకి చికెన్‌పాక్స్ వచ్చి మంచాన పడినప్పుడు మారింది. ఒంటి నిండా దురద, స్కూలు లేదు, తోచదు. వీడు సెలవు పెట్టి మంచం పక్కన కూర్చుని "ఏడో కక్ష్య" మొదటి సీజన్ పెట్టాడు. గోక్కోకుండా ఉంటే ఇంకో భాగం అని పందెం. ఆ సీజన్ సగమయ్యేసరికి పిల్ల వాడితో మాట్లాడటం మొదలుపెట్టింది. ఎలా అంటే, ఆ ఓడలో పిల్ల మాట్లాడినట్టు. కెప్టెన్, మంచినీళ్ళు. కెప్టెన్, ఫ్యాన్ తగ్గించు. ఇంక ఆ పిలుపే ఉండిపోయింది. బజార్లో కూడా కెప్టెన్ అని కేకేస్తే జనం వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. అక్కడ ఇస్త్రీ వాసన కొట్టే మా వాడు తప్ప ఎవరూ ఉండరు.

అప్పుడే చెప్పాల్సింది. నేను చెప్పమన్నాను. వాడు విన్లేదు.

"కథ పూర్తి కానీ అక్కా" అన్నాడు. "ఇద్దరం మొత్తం చూస్తాం. ఆఖర్న ముందు సినిమా పెడతాను. అందులో కెప్టెన్ తలుపు మూసేస్తాడు. ఆ పిల్ల తండ్రి బయట ఉండిపోతాడు. అది చూశాక, నేనూ అలాంటివాణ్ణే అని చెప్తాను. అప్పుడు దానికి అర్థమవుతుంది."

"నీ తప్పు చెప్పుకోవడానికి సినిమా అడ్డం కావాలేంట్రా? దాని తండ్రి సినిమాలో పోయాడా?"

"నా భయం నీకేం తెలుసు. అది నన్ను వదిలేస్తే?"

అదీ అసలు సంగతి. పిల్ల తనని వదిలేస్తుందేమోనని భయం. ఆ భయంతో కథని లాగాడు. వారానికి ఒక్క భాగమే చూడాలని నియమం పెట్టాడు. పరీక్షలని ఆపాడు. రెండో సీజన్ దగ్గర, మొదటిది మళ్ళీ చూద్దామా, నువ్వు చాలా మర్చిపోయావు అన్నాడు. పిల్ల ఎంత తెలివైనదో, నాకన్నీ గుర్తున్నాయి కెప్టెన్, నీకే ఏదో అయింది అంది. నాలుగేళ్ళు సాగదీశాడు మహానుభావుడు. పిల్లకి పదమూడొచ్చాయి. ఈలోపు అది పడుకునేముందు వాడి పక్కన కూర్చుని స్కూలు కబుర్లన్నీ చెప్పేది. లెక్కల్లో తప్పితే తల్లికన్నా ముందు వాడికి చెప్పేది. వాడు నవ్వేవాడు, వెంటనే ఆ నవ్వు ఆగిపోయేది. మా మరదలు అప్పుడప్పుడూ చెప్పావా అని కళ్ళతో అడిగేది. వీడు కళ్ళు దించుకునేవాడు.

ఆ రోజు శనివారం. స్కూలుకి సెలవు. మరదలు రొట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళింది, ప్యాకింగ్ పని. లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు గుట్టగా వచ్చిపడ్డాయి. బాయిలరు ఒకటే రొద, ఆవిరి బుస్సు బుస్సున కొడుతోంది. పిల్ల దగ్గర్నుంచి ఫోను. వీడు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని దుప్పటి మడతపెడుతూ మాట్లాడాడు. పిల్ల రెండో సీజన్ ఆఖరి భాగం ఒక్కతే చూసేసింది. ఆగలేకపోయింది. కోప్పడకు కెప్టెన్, ఇప్పుడు ఏది చూడాలి అని అడుగుతోంది.

"ముందు సినిమా చూడు, తర్వాత మూడో సీజన్" అన్నాడు.

ఏదో అంది. బాయిలరు రొదలో వాడికి వినపడలేదు.

"ఆఁ, ఆఁ. ముందు సినిమా" అని మళ్ళీ గట్టిగా చెప్పి, ఫోను పెట్టేశాడు.

వాడి ఉద్దేశం నాకు తెలుసు. ముందేమో సినిమా చూడు, అంటే "తిరుగుదారి" చూడు, ఆ తర్వాత సీజన్ చూడు అని. నేనూ అలాగే విన్నాను. రెండు మాటల మధ్య కాస్త ఆగి ఉంటే సరిపోయేది. వాడు ఆగలేదు, దుప్పటి నలుగుతోందని తొందర. పిల్లకి వినపడింది మాత్రం వాడు పెట్టిన పేరే. ముందు సినిమా. ఇన్నేళ్ళుగా వద్దు వద్దు, ఆఖర్న, ఆఖర్న అని ఊరించినది. పెద్దదాన్నయ్యానని ఒప్పుకున్నాడు అనుకుంది పాపం. సంబరపడిపోయి పెట్టుకుంది.

మేమిద్దరం సాయంత్రం పని ముగించుకుని కలిసే ఇంటికొచ్చాం. నేను మెట్లెక్కి పైకి పోబోతుంటే పిల్ల కింది గుమ్మంలో నిలబడి, "అత్తా, నువ్వూ రా" అంది. మొహం ఎర్రగా ఉంది. ఏడ్చిందో, నిద్రపోయి లేచిందో అనుకున్నాను. లోపల టీవీలో పేర్లు పైకి పాకుతున్నాయి. వీడు బూట్లు విప్పుతూ వాటివైపు చూశాడు. ఒక బూటు చేతిలోనే ఉండిపోయింది.

"అది పెట్టావేంటి?" అన్నాడు.

"నువ్వే చెప్పావుగా. ముందు సినిమా అని."

"నేను... ముందు... సినిమా అన్నాను" అన్నాడు. ఇప్పుడు ఆగాడు మధ్యలో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

పిల్ల ఆ మాట పట్టించుకోలేదు. దాని కోపం వేరే ఉంది. "కెప్టెన్ ఆ పిల్ల నాన్నని బయటే వదిలేసి తలుపు మూసేశాడు. తెలిసే మూశాడు. తర్వాత ఆ పిల్లకి ఏమీ తెలియనట్టు జుట్టు దువ్వాడు, చుక్కల పేర్లు నేర్పాడు. పుట్టినరోజులు చేశాడు. ఒక్కసారి కూడా చెప్పలేదు. నువ్వు దీన్ని ఆఖర్న ఎందుకు పెట్టావు?"

"మనిషిని ముందు తెలుసుకోవాలని..."

"కాదు. అతను నాకు నచ్చాక చూపిస్తే నేను తిట్టనని. అది మోసం కదా అత్తా?"

అత్త ఏం చెబుతుంది? నేను వాడివైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి అమ్మ ముందు నిలబడ్డప్పుడు ఇలాగే చూసేవాడు, అక్కా నువ్వు చెప్పు అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఈ ఒక్కటీ నేను చెప్పను.

వాడు బూటు కింద పెట్టాడు. నేల మీదే కూర్చున్నాడు, పిల్ల కన్నా కిందికి ఉండేట్టు.

"మోసమే" అన్నాడు. "నీతో ఒక మాట చెప్పాలి. ఆ కెప్టెన్‌కి కనీసం కారణం ఉంది. తలుపు మూయకపోతే ఓడలో అందరూ పోయేవాళ్ళు. నాకు అదీ లేదు."

చెప్పాడు. వంతు తనదని చెప్పాడు. వాన సంగతి చెప్పాడు. నేను వెళ్ళాల్సింది, మీ నాన్నని పంపాను అన్నాడు. ఎందుకు అని పిల్ల అడగలేదు. వాడే చెప్పాడు. టీవీవైపు వేలు చూపించి, దాని కోసం అన్నాడు.

పేర్లన్నీ అయిపోయి తెర నల్లబడింది. నాకు కాళ్ళు లాగుతున్నాయి గానీ కూర్చోడానికి భయమేసింది.

"బాగుందా?" అంది పిల్ల, దానివైపే చూస్తూ.

"ఏంటి?"

"సినిమా. అప్పుడు చూశావుగా. బాగుందా?"

"సగమే చూశాను, ఆ తలుపు మూసేదాకా. ఫోనొచ్చింది. లేచొచ్చేశాను. మళ్ళీ చూడలేదు ఎప్పుడూ."

నాకూ తెలియదు ఆ సంగతి. ఇన్నేళ్ళు ఊరందరికీ దేని తర్వాత ఏది చూడాలో పాఠాలు చెప్పినవాడు, మందుల షాపాయనతో పంతులుగారితో గొంతు చించుకున్నవాడు, ఆ సినిమా సగమే చూశాడు. ఆ సగం కోసం ఒక మనిషి పోయాడు. వాడు ఆ మాట అనలేదు. అనక్కర్లేదు కూడా. నాకు వాడి మీద కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి, దేన్ని ముందు పైకి రానివ్వాలో తెలియలేదు.

పిల్ల గోడకి ఆనుకుని జారి కూర్చుంది. "నాకు కోపం రావాలి కదా" అంది. ఎవరితోనో తెలియదు. "అప్పుడే చెప్పి ఉంటే వచ్చేది. నిన్ను తిట్టేదాన్ని. నీ ఇంటికి రానని ఏడ్చేదాన్ని. ఇప్పుడు తిడదామంటే, చికెన్‌పాక్స్ అప్పుడు నా చేతులు పట్టుకుని కూర్చున్నది గుర్తొస్తోంది. సైకిలు నేర్పింది గుర్తొస్తోంది. అవన్నీ ముందు పెట్టేశావు నువ్వు. ఇంక మా నాన్న కోసం కోప్పడేవాళ్ళెవరు?"

"నువ్వే కోప్పడు. నన్ను కొట్టు" అన్నాడు వాడు.

"రావట్లేదని చెప్తున్నానా" అంది.

వాడు దగ్గరికి వెళ్ళబోయాడు. ఆగిపోయాడు. ఆ పిల్ల ఏడిస్తే వీపు నిమరడం వాడికి అలవాటు. ఇప్పుడు ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. తనకి ఇంకా ఆ హక్కుందో లేదో వాడికే తెలియదు. నేను వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నాను. నా భుజం మీద వాలలేదు. అలా బిగుసుకునే ఏడ్చింది.

అప్పుడు మరదలు వచ్చింది. పిండి వాసన, చేతిలో సంచి. గుమ్మంలోనే ఆగి, మా ముగ్గుర్నీ నేల మీద చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"చెప్పావా?" అంది.

"చెప్పాను."

"ఏమంది?"

"కోపం రావట్లేదంటోంది."

మరదలు సంచి మేకుకి తగిలించింది. చెప్పులు విప్పి పక్కకి జరిపింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"నాకూ అంతే చేశావు" అంది. "సంతకాలకి ముందు రోజు చెప్పావు. అప్పటికి నేను కొత్త బట్టలు కొనుక్కున్నాను. మనం కొత్తింటికి వెళ్తున్నామని పిల్లకి చెప్పేశాను. ఇంక నేనేం అనగలను అప్పుడు? ఏడ్చి సరే అన్నాను. సరే అనకపోతే పిల్లకి ఏం చెప్పుకోవాలి?"

వాడు తలెత్తలేదు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. అదే విషయానికి కదా నేను వాణ్ణి నిజాయితీపరుడని మెచ్చుకున్నది, సాక్షి సంతకం పెట్టింది.

"ఒకటి అడగాలని ఇన్నేళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయేది" అంది మరదలు. "అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అడగలేదు. చీకటిపడ్డాక, వాన పడుతుంటే ఆయనకి రోడ్డు సరిగా ఆనేది కాదు. అలాంటప్పుడు ఎప్పుడూ నీకే వదిలేసేవాడు వ్యాను. అది నీకు తెలుసా?"

టీవీ కింద ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది. పిల్ల ఏడుపు ఆపింది. వాడు అబద్ధం చెప్పొచ్చు. తెలియదు అంటే చాలు, అంతటితో పోయేది. తెలియదనే అంటాడని, అనాలని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. అదీ నా న్యాయం.

"తెలుసు" అన్నాడు.

"తెలిసే పంపావా?"

"వాడన్నాడు, నాకు వానలో సరిగా కనపడి చావదురా అని. రెండుసార్లన్నాడు. ఈ ఒక్కసారికి మెల్లగా వెళ్ళు, ఏం కాదు అన్నాను. సినిమాకి టైమైపోతోందని... తాళాలు నేనే వాడి జేబులో వేశాను."

సరేలే అని తీసుకున్నాడనే కదా నాతో చెప్పింది. ఆమెతోనూ అదే చెప్పాడు. ఇందాక పిల్లతోనూ అదే చెప్పాడు.

మరదలు గోడ పట్టుకుంది. ఆ గదిలో మొదట కదిలింది పిల్ల. లేచింది. నడిచి వాడి ఎదురుగా వచ్చి నిలబడింది. మొదటి దెబ్బ వాడి భుజం మీద పడింది, పిడికిలితో. రెండోది మెడ మీద. ఆ తర్వాత నేను చూడలేకపోయాను. రెండుసార్లు అన్నాడా, రెండుసార్లు చెప్పాడా మా నాన్న అని ఒక్కో దెబ్బకీ ఒక్కో మాట, గొంతు చించుకుని. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. వాడి కళ్ళద్దాలు ఊడి ఎక్కడో పడ్డాయి. తమ్ముడు కదా, నా ప్రాణం ఆగలేదు. లేచి పిల్ల చెయ్యి పట్టుకోబోయాను.

మరదలు నన్ను పట్టుకుంది. పిండి అంటిన చెయ్యి, ఇనుములా ఉంది.

"ఆపకు వదినా" అంది. "ఇప్పటికి వచ్చింది దానికి. రానీ."